ముందు సీట్లో వచ్చిన జర్మనీ ఆయప్ప

"జేజీ, నీ మాటలు రికార్డు చేసేదానికి ఫోను ఈడ పెట్టినా. ఆ జర్మనీ ఆయప్ప తలకు రుమాలు చుట్టిన సంగతి చెప్పు, మొదటి నుంచి."

యాడ పెట్టినావురా? ఆ చెంబుకు ఆనిచ్చినావా? పడుతుంది చూడు. సరే, నీ ఫోను, నీ ఇష్టం. చెప్తా గానీ, మీ ముత్తాతను ఎగతాళి చేసినట్ల రాయాకు. ఆయప్ప నాకు మామ, ఊరికి పెద్దమనిషి. ఆ పొద్దు తప్పు చేసినాడా అంటే... ఉండు, నిదానంగా వస్తా దానికి.

నేను కాపురానికొచ్చిన కొత్త. వానల్లేవు. బాయిలన్నీ ఎండిపోయి, చేన్లో ఉండే ఒక్క బాయిలో అడుగున రవ్వంత ఊట. ఆడోళ్లం మెట్లు దిగిపోయి చిప్పతో తోడి బిందెలో పోసుకునేది. బురద తేరుకునే దాకా ఆడనే కూచోని ఒకరి అత్తను ఒకరు తిట్టుకునేది. మా పుట్టిల్లు గోరంట్ల పక్క గదా, ఆడ ఏట్లో చెలమలన్నా ఉండేటివి. ఈ ఊరికిచ్చినాడని మా నాయన మీద నాకు మెడదాకా కోపం. ఏం చెప్తాంటి? ఆఁ, జర్మనీ.

జర్మనీ మంత్రి కరువు చూసేదానికి వస్తాండాడు, వాళ్ల దేశపోళ్లు బోరు మిషను ఇస్తారు అని కబురొచ్చింది. మిషనేమో ఒకటే. అడిగే ఊర్లు బోలెడు. జీపు మన ఊర్లో ఆగేది రవ్వంత సేపే, మళ్లా బత్తలపల్లె దిక్కు పోవల్లంట. మా మామ ఒకటే పట్టు పట్టినాడు: "ఆ మంత్రికి రుమాలు చుట్టల్ల. చుట్టినంక మాట చెప్పకుండా ఎట్ల లేస్తాడో చూస్తా." మన కట్టుబాటు అట్లాంటిది గదప్పా. పంచాయితీలో ఎవరి తలకు రుమాలు చుడతారో ఆ మనిషి తన నోటితో మాట చెప్పల్ల. చెప్పినంక దాటేదానికి లేదు. మామ ధర్మవరం పోయి కొత్త రుమాలు తెచ్చినాడు, తలపాగా చుట్టేంత పొడుగుది, ఎర్రంచుది. అప్పుడు మంచి రుమాలు రెండు మూడు రూపాయలకే వచ్చేది. ఇప్పుడు ఆ దుడ్లకు దారం కూడా రాదు.

జీపు వచ్చింది. ముందు సీట్లో నుంచి ఇంత పొడుగు మనిషి దిగినాడు, ఎర్రగా, కండ్లద్దాలు. వెనక సీట్లో తర్జుమా చేసేదానికొచ్చిన అనంతపురం కాలేజీ సారు, ఆయన పక్కన టోపీ పెట్టుకోని పొట్టిగా ఒక ముసలాయప్ప. మన తాసిల్దారు వచ్చినా ఎవరు వచ్చినా పెద్దోళ్లు కూచునేది ముందు సీట్లోనే గదా. వెనకుండేది గుమాస్తాలు, మూటలు, ఒకోసారి కోళ్లు. ఆ పొడుగాయప్ప బిర్నా ఉరుకుతా వెనక్కి పోయి ముసలాయప్పను చెయ్యి పట్టి దించినాడు. మా అత్త నన్ను గిల్లి, "చూడు, అంత పెద్ద మంత్రయ్యీ ముసలోళ్లంటే ఎంత దయో" అనె.

ఇంకేముండాది. పూలహారం పొడుగాయప్పకే. బడి నుంచి తెచ్చిన కుర్చీలో ఆయప్పనే కూచోబెట్టినారు. రుమాలు మా మామ తన చేతులతో చుట్టినాడు. హారతి నేనే ఇచ్చినా, మజ్జిగ నేనే ఇచ్చినా. ఆయప్ప లేయబోతాడు, మామ భుజం నొక్కి కూచోబెడతాడు. జీపు కాడ ముసలాయప్పకు కరువు సంగతి చెప్తాండిన కాలేజీ సారు అప్పుడు చూసి పరిగెత్తుకోనొచ్చి, "ఏం పని చేసినారయ్యా! ఈయన మంత్రి కాదు, మంత్రి పక్కనుండే ఆఫీసరు. మంత్రి ఆయన!" అని ముసలాయప్పను చూపిచ్చినాడు.

మా మామ మొగం చూడాల్సింది. చుట్టిన రుమాలు విప్పితే ఆ మనిషిని అవమానం చేసినట్లు. ఇంకో రుమాలా, లేదు. ముసలాయప్పకు సంగతి చెప్తే, జీపుకు ఆనుకోని కండ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. నవ్వి నవ్వి, టోపీ తీసి మనోళ్ల మధ్య చాప మీద కూచున్నాడు.

మా మామ ఊరుకునే మనిషి గాదు. "మంత్రి అయితేనేం, కాకపోతేనేం. రుమాలు నీ తల మీదుండాది. మాకు నీళ్లిస్తావా, ఇయ్యవా? చెప్పప్పా" అని ఆఫీసరాయప్పనే అడిగినాడు.

ఆయప్ప సంగతి మాకు కాలేజీ సారు తర్వాత చెప్పినాడులే. యుద్ధంలో కూలిపోయిన ఊర్లో చిన్న గుమాస్తాగా చేరినాడంట. ఒక పార్లమెంటు మెంబరు కాడ పనిచేసి, ఆ మెంబరు మంత్రి అయితే ఆయన వెంటే పోయినాడంట. మంత్రి మాట్లాడే మాటలన్నీ ఈయప్ప రాసిచ్చినవే. ఎవరేమడిగినా "మంత్రిగారికి చెప్తా" అనడమే గానీ, "నేను చేస్తా" అని ఎప్పుడూ అనిందే లేదంట. ఆ పొద్దు కూడా వంగి మంత్రి చెవిలో ఏమో చెప్పబోయినాడు. మంత్రి చెవి పక్కకు తిప్పుకోని, "నన్ను కాదు, నిన్నడిగినారు" అన్నాడు.

ఆఫీసరాయప్ప మజ్జిగ గ్లాసు చూసినాడు, నన్ను చూసినాడు, ఈ మజ్జిగలో నీళ్లు యాడివి అని సారుతో అడిగిచ్చినాడు. నేను చేన్లోని బాయి చూపిచ్చినా. రుమాలు తలమీద ఉన్నట్లే బూట్లతో బాయిలోకి దిగినాడురా! అడుగున ఊటలో చెయ్యి పెట్టి, బురద చేత్తోనే పైకొచ్చి మళ్లా కుర్చీలో కూచున్నాడు. "మిషను మొదట ఈ ఊరికే వస్తుంది. ఇది నా మాట" అన్నాడు. మొదట చప్పట్లు కొట్టింది మంత్రే.

కానీ ఎండాకాలం పోయినా మిషను రాలేదు. పక్కూరోళ్లు మా మామ కనపడితే చాలు, "గుమాస్తాకు రుమాలు చుట్టినాడప్పా" అని నవ్వేటోళ్లు. మామ సంగటి సగంలో వదిలేసి లేచిపోయేది. మళ్లా చలికాలం ముందర వచ్చింది చూడు, దుమ్ము రేపుకుంటా. మిషను యాడికో వేరే తావుకు పోవాల్సిందంట. ఆయప్ప వాళ్ల ఆఫీసులో, "నేను మాటిచ్చినా. అది ఆడికి పోకుంటే నేను ఈ ఉద్యోగంలో ఉండను" అని అడ్డం తిరిగినాడంట. బండ పగిలి నీళ్లు పైకి చిమ్మితే మా అత్త, నేను, ఆడోళ్లమంతా ఆ బురదలోనే నిలబడి నవ్వినాం, ఏడ్చినాం. మా నాయన మీద కోపం ఆ పొద్దే సగం పోయింది.

కొన్నేండ్లకు కాలేజీ సారు ఒక పేపరు తెచ్చినాడు. మన ఆఫీసరాయప్ప తానే ఓట్లకు నిలబడి గెలిచి మంత్రి అయినాడంట. ఫోటోలో పెద్ద కారు, ఆయప్ప డ్రైవరు పక్కన కూచోనుండాడు. సారు చెప్పినాడు, వాళ్ల దేశంలో పెద్దోళ్లు వెనక సీట్లో కూచుంటారంట, ముందు కూచునేది వెంటొచ్చే ఆఫీసర్లంట. మనూరికి అందుకే అట్ల వచ్చినారు. ఈయప్ప మాత్రం మంత్రి అయినంక గూడా ముందే కూచుంటాడంట. ఎవరన్నా అడిగితే, ముందు సీట్లో కూచున్నందుకే నన్ను మొదట మంత్రిని చేసినారు ఒక కరువు ఊరోళ్లు, అంటాడంట.

మా మామ ఆ ఫోటో శానాసేపు చూసినాడు. మీసం దువ్వుకోని అన్నాడు గదా, "నేనేం తప్పు చుట్టలేదు. రవ్వంత ముందుగా చుట్టినా, అంతే."

ఏమి, నవ్వుతాండావా? నవ్వు. నీకూ అట్లే, నువ్వు అనుకునే దానికంటే రవ్వంత ముందుగా ఎవరో ఒకరు రుమాలు చుట్టల్ల నాయనా. చుట్టిననాడు పక్కోళ్ల చెవి ఎతుక్కోవాకు, నీ నోటితో నువ్వే చెప్పు... పడింది చూడు ఫోను, చెప్తానే ఉండా గదా.