వనజ గారు తుడవని మరక

1992వ సంవత్సరం జూన్ 15వ తేదీన శ్రీమతి వనజ గారు మన విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో కన్జర్వేటరుగా బాధ్యతలు స్వీకరించారు. తొలకరి వానలో తార్నాక కూడలిలో బస్సు దిగి, తడిసిన చీర కుచ్చిళ్లతో కార్యాలయంలో అడుగుపెట్టిన ఆ యువతి, తన కుర్చీ ఎక్కడని అడగక ముందే వస్తువులు భద్రపరిచే గది ఎక్కడని అడిగారట.

జనగామ ప్రాంతపు రైతు కుటుంబంలో జన్మించి, అడిక్‌మెట్‌లో అద్దె గదిలో ఉంటూ, ఇదే ప్రాంగణంలో రసాయనశాస్త్రం అభ్యసించిన వారికి ఈ కొలువు లభించినప్పుడు, అదేం పనో తండ్రిగారికి అర్థం కాలేదట. "పాత సామాన్లు ఇంక పాడుగాకుంట చూసుడు నాయనా" అని వారు తండ్రికి చెప్పారట. వనజ గారి ఉద్యోగ జీవితానికి నేటికీ ఇంతకన్నా సరైన నిర్వచనం నాకు దొరకలేదు.

తొలినాళ్లలో ఆ గదికి సరైన కిటికీలు కూడా లేవు. పచ్చని పొడి రాలుతున్న కంచు ప్రతిమలను, చెదలు తొలిచిన కొయ్యబొమ్మలను, అతుకులూడిన మట్టికుండలను వారు ఓపికతో ఒక్కొక్కటిగా చేరదీశారు. లక్నోలో ఉన్నత శిక్షణ పొంది వచ్చి, 2008లో విభాగాధిపతులయ్యారు. అంతకు కొన్నేళ్ల ముందే కాకినాడ నుండి బదిలీపై వచ్చి వారి పక్కగదిలో చేరే భాగ్యం నాకు కలిగింది. దూదిపుల్లను శుద్ధజలంలో ముంచి, గోరంత మేర తుడిచి, ఆగి, మళ్లీ చూసుకునే వారి తీరును తలుపు దగ్గర నిలబడి ఎన్నోసార్లు చూశాను. ఎంత తుడవాలో తెలిసిన వారు చాలామంది ఉంటారు; ఎక్కడ ఆపాలో తెలిసినవారు వనజ గారు.

ఈ మాటకు నిదర్శనంగా ఒక్క సంఘటన చెబుతాను. 2013లో మన ప్రదర్శనశాలలో జానపద వాద్యాల గది ఏర్పాటవుతుండగా, ముషీరాబాద్ నివాసి ఒకరు కీర్తిశేషులైన తమ తండ్రిగారి తంబురను బహూకరించారు. జనగామ ప్రాంతంలో ఊరూరా తిరిగి తత్వాలు పాడిన మనిషి తంబుర అది. దాని బుర్ర నిలువునా పగిలింది. దండి మీద, చెయ్యి పట్టేచోట, అరచేతి మేర నల్లని మరక ఉంది. ప్రారంభోత్సవం దగ్గరపడుతోంది. మరక తీసేసి మెరుగునూనె పూయమన్నారు నాటి సంచాలకులు.

"అది మురికి కాదు సర్. పాడినాయన చెయ్యి అది. తీసేస్తే మళ్ల తేలేం" అన్నారు వనజ గారు.

సంచాలకులు కోపగించుకోలేదు గాని, అంగీకరించనూ లేదు. "అయితే ఈసారికి లోపలే ఉండనివ్వండి" అన్నారు. తంబుర లేకుండానే గది తెరుచుకుంది.

ఆ వేడుకకు గాయకుని భార్య అమృతమ్మ గారు కుమారుని చెయ్యి పట్టుకుని వచ్చారు. అద్దాల పెట్టెలన్నీ చూసి, కనబడిన ప్రతివారినీ అడిగి, చివరకు వనజ గారి గదికి చేరారు.

"మా ఆయన తంబుర ఏడ పెట్టిన్రు బిడ్డా? పనికిరాదని పారేసిన్రా?"

వనజ గారి ముఖం వాడిపోయింది. "అయ్యో, గట్లెందుకు చేస్తం పెద్దమ్మా! నా దగ్గర్నే ఉన్నది. రా, చూపెడ్త."

బల్లమీద పడుకోబెట్టిన తంబురను ఆ వృద్ధురాలు వంగి, ఆ చివర నుండి ఈ చివర వరకూ చూశారు. తర్వాత, "ఒక్కసారి మోగియ్యి బిడ్డా. ఇని శానా దినాలాయె" అన్నారు.

"బుర్ర పగిలింది పెద్దమ్మా. తీగ బిగిస్తే మొత్తమే ఇరిగిపోతది. మోగియ్యలేను."

ఏదో ఒక తీగ మీటి ఆమెను తృప్తిపరచడం ఎవరికైనా సులువే. వనజ గారు ఆ పని చేయలేదు. చేతొడుగులు లేనిదే ఎవరినీ వస్తువులు ముట్టనివ్వని వారు, ఆ రోజు అమృతమ్మ గారి చెయ్యి పట్టుకుని దండి మీదికి తీసుకువెళ్లారు. నల్లని మరకపై ఆ ముడతల అరచెయ్యి ఆగింది.

"గీడనే పట్టుకుంటుండె" అన్నారామె. కళ్లు మూసుకుని, మెల్లగా ఒక తత్వం ఎత్తుకున్నారు. రెండు చరణాల తర్వాత ఆపి, కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "మల్లొచ్చి మొత్తం పాడ్త బిడ్డా, రాసుకుందువు" అన్నారు. తలుపు దగ్గర నా పక్కనే నిలబడి ఉన్న సంచాలకులు వెనుదిరిగారు. ఆ వారంలోనే తంబుర, మరకతో సహా, అద్దాల పెట్టెలోకి వెళ్లింది.

అమృతమ్మ గారు మళ్లీ రాలేదు. కొన్నాళ్లు ఎదురుచూసి వనజ గారు ముషీరాబాద్ వెళితే, ఆమె కన్నుమూసి ఎంతో కాలం కాలేదని తెలిసింది. కుమారునికి ఆ తత్వం మొదటి మాటలే గుర్తున్నాయి. తిరిగివచ్చి, "చెక్కను నిలిపిన గని, పాటను నిలుపలేకపోయిన కొండలరావు గారూ" అని నాతో అన్నారు. ఆ తర్వాత వారు ఎన్నో ప్రతిమలకు ఆయువు పోశారు, ఎందరో విద్యార్థులను తీర్చిదిద్దారు, పురస్కారాలూ అందుకున్నారు. అయినా, పని నడుమ చెయ్యి ఆపి ఆ రెండు చరణాలను తమలో తాము కూనిరాగం తీయడం, మూడోది రాక ఆగిపోవడం పక్కగదిలోని నాకు వినిపిస్తూనే ఉండేది.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇకపై ఆ గది నుండి నాకు ఏమీ వినిపించదన్న ఆలోచన ఇప్పటినుండే దిగులు కలిగిస్తోంది. లాలాపేట్‌లోని ఇంట్లో విశ్రాంతి తీసుకుంటారా అని మొన్న అడిగితే, వారి భర్త దివాకర్ గారే నవ్వుతూ జవాబిచ్చారు: "విశ్రాంతా! జనగామ దిక్కు ఊర్లన్నీ తిరుగుదామంటున్నది సార్. ఆ తంబుర ఆయన భజన మేళంల ఎవరన్న మిగిలిన్రేమో అడుగుతదంట."

వనజ గారూ, ఆ దారులన్నీ తిరిగే సత్తువ మీ కాళ్లకు ఉండాలి. దివాకర్ గారు మీ వెంట ఉండాలి. ఆ మూడో చరణం తెలిసిన గొంతు ఏ అరుగు మీదో ఇంకా పాడుతూ ఉండాలి. అది మీ చెవిన పడే వరకూ, పడిన తర్వాత మరెన్నో ఏళ్లూ, ఆ తత్వాన్ని మీరు తనివితీరా పాడుకుంటూ ఆయురారోగ్యాలతో చల్లగా ఉండాలని మీ సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.