వాకిట్లో విడి ఇటుకలు

ఉదయం ఆరింటికి మేస్త్రీ చనిపోయాడు. వాకిట్లో ఆయన భార్య, తమ్ముడు మాట్లాడుకున్నారు.

“ఊళ్లో సగం ఇళ్లు అన్నయ్యే కట్టాడని అంతా చెప్పుకుంటున్నారు వదినా.”

“కట్టాడులే మీ అన్న. మరి మన గుమ్మానికి మెట్లేవి? కాపురానికి వచ్చినప్పటినుంచీ ఈ విడి ఇటుకల మీదే దిగుతున్నాను. పిల్లలూ వీటి మీదే పడుతూ లేస్తూ పెరిగారు.”

“రేపు కడతాననేవాడు.”

“ఎవరింట్లో మెట్లు కట్టినా ముందు నన్నే ఎక్కించేవాడు. నా మోకాలు కాస్త నొప్పిపెట్టినా పగలగొట్టి మళ్లీ కట్టేవాడు. ఊరందరికీ నా మోకాలి కొలత, నాకేమో ఇటుకలు!”

“ఇప్పుడా వదినా, ఈ కోపం?”

“ఇంకెప్పుడయ్యా? రేపు అనడానికి మనిషున్నాడా?”

“మోసేవాళ్లు జారతారు. బల్ల వేయించనా?”

“వద్దు. వీటి మీదే దించండి. ఆయనకీ తెలియాలి.”

మధ్యాహ్నం మేస్త్రీని ఆ ఇటుకల మీదుగానే దించారు. అవి కదలకుండా ఆమె రెండు చేతులతో పట్టుకుంది.