పదకొండో తేదీ మధ్యాహ్నం ఐదు బుట్టల బొగ్గు

గత గురువారం ఉదయం పదిన్నరకు నౌకాదళ రికార్డుల కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. యుద్ధంలో మునిగిన ఓడలో మనందరి అక్కయ్య నాన్నగారు ఉన్నారని, ఆయన పారిపోలేదని ఒప్పుకుంది. ఆ ఉత్తరం అక్కయ్య తన కళ్లతో చదివింది. ఆదివారం తెల్లవారేసరికి కన్నుమూసింది.

మిత్రులారా, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమెతో పనిచేసినవారలారా, ముందు వరుసలో కూర్చున్న ఆమె తమ్ముడుగారూ, మనందరం దుఃఖంతోనే వచ్చాం. నా గొంతులో ఉత్సాహం వినిపిస్తే మన్నించండి. నలభై ఏళ్లు వార్తలు రాశాను. ఇలాంటిది నా చేతికి రాలేదు.

పాత రికార్డు ఏమంది? అది శత్రువులు సముద్రంలో పెట్టిన మందుపాతరల్ని, అంటే మైన్లను, ఏరే చిన్న ఓడ. తొమ్మిదో తేదీన బయల్దేరింది. బాయిలర్లో బొగ్గు వేసే ఈయన ఎక్కలేదు, పారిపోయాడు. పద్నాలుగున ఓడ మునిగింది. అందరి పేర్లూ రేవులోని స్మారక రాతి మీదకెక్కాయి, ఈయనది తప్ప. అప్పటికి అక్కయ్యకు మూడేళ్లు. పారిపోయినవాడి కూతురు అన్న మాట ఆమె బడిలో విన్నది, ఉద్యోగంలో విన్నది.

వాళ్లమ్మ పోయాక ఒక రేకు పెట్టె మిగిలింది. పారెయ్యక్కా, అందులో చెదలు తప్ప ఏముందన్నారట తమ్ముడుగారు. "చెదలైనా ఆ కాగితాలు ముట్టుకున్నాయిరా, నువ్వు అదీ చెయ్యలేదు" అన్నది అక్కయ్య. తమ్ముడుగారు నవ్వుతున్నారు. నిజమే కదండీ?

అందులో నాన్నగారి నోటుపుస్తకం ఉంది. ఏ షిఫ్టులో ఎన్ని బుట్టల బొగ్గు వేశాడో పన్నెండో తేదీ దాకా రాసి, దారిలో ఏదో రేవు నుంచి ఇంటికి పంపాడు. ఏ రేవు? కవరు మీది తపాలా ముద్రను చెదలు తినేశాయి. ఇంత తక్కువ బొగ్గు నడిచే ఓడకు చాలదు, రేవులో నిలబడిన ఏ ఓడదో అయి ఉంటుందన్నారు అధికారులు. అక్కయ్య నమ్మింది. ఏడాదిపాటు పెట్టె మూసేసింది. ఇందులో వార్త లేదని నేనూ అన్నాను. ఆ మాట ఈరోజు మీ ముందు వెనక్కి తీసుకుంటున్నాను.

పెట్టె మళ్లీ తెరిపించింది మిల్లులో బాయిలర్ చూసే పెద్దాయన. ఆ పుస్తకం ఆయన కాసేపు చూశాడు. "అమ్మా, పగలు షిఫ్టుకు పద్నాలుగు బుట్టలు, రాత్రి ఐదు. నిలబడిన ఓడకు పగలైనా రాత్రైనా ఒకటే ఖర్చు. ఇది పగలు మెల్లగా నడిచి రాత్రి ఆగిన ఓడమ్మా" అన్నాడు.

మైన్లు ఏరే ఓడ నడక అదే! చీకట్లో మైన్లు కనిపించవు కదా. నాన్నగారి ఓడకు జోడీగా నడిచిన రెండో ఓడ దినచర్య పుస్తకం కార్యాలయంలో ఉంది. అక్కయ్య ఫోన్ చేసి దాన్ని బయటికి తీయించి, అక్కడి అరవై ఏళ్ల గుమస్తాతో ప్రతి అంకెనూ రెండుసార్లు చదివించింది. ఎక్స్ఛేంజి అలవాటు అది, తిరిగి చెప్పించుకోనిదే లైను వదలదు. నాన్నగారి పుస్తకంలో పగలే అయినా, పదకొండో తేదీ మధ్యాహ్నం ఒక్క షిఫ్టులో మాత్రం రాత్రిలాగే ఐదే బుట్టలున్నాయి. జోడీ ఓడ పుస్తకంలో ఏముంది? పదకొండు, మధ్యాహ్నం, పొగమంచు, రెండు ఓడలూ ఆగాయి.

ఒడ్డున ఉన్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రాతి మీద ఆయన్ని 'వీరనావికుడు' అని చెక్కుతామని గురువారం ఉత్తరంలో రాశారు. అక్కయ్య వెంటనే ఫోన్ తీసింది. "మా నాన్న బొగ్గు వేసినవాడు. అదే చెక్కండి." దిద్దిన ప్రతి నిన్న వచ్చింది.

శనివారం ఉదయం తొమ్మిదికి రేవులో ఆ రాతి మీద పేరు చెక్కుతారు. తమ్ముడుగారు వెళ్తున్నారు. ఎనిమిదింటికి ఈ హాలు ముందు నుంచి బస్సు ఉంది.

ఇప్పుడు అందరం లేచి, అక్కయ్య కోసం ఒక్క నిమిషం మాట లేకుండా నిలబడదాం.