ఎడమవైపు దెబ్బ

అది కాదు సార్, మీరు మళ్ళీ మళ్ళీ అదే మాటంటే ఎట్ట? ‘నలభై ఏండ్లు సముద్రం మీద తిరిగిన మనిషి, వస్తాడులే’ అంటుండారు. ఇంకొకరి సంగతయితే నేనూ అదే అందును. వేటకు పోయినోళ్ళు ఒకపూట అటూ ఇటూ అవుతారు, దానికి మెరైన్ పోలీసు స్టేషన్ దాకా ఎవరు పరిగెత్తుకొస్తారు?

నాకు భయంగా ఉంది సార్. బయట బండికి స్టాండు వెయ్యడానికి మూడుసార్లు పట్టింది.

ముందు రాసుకోండి. పేరు చిన్నపోలయ్య. అరవై రెండేండ్లు. మా అమ్మకు అన్న, నాకు సొంత మేనమామ. మా నాయిన పోయినాక నన్ను సాకింది ఆయనే. పడవ నీలం రంగుది, చిన్న ఇంజను. ముందరపక్క రెండు కండ్లు గీసి ఉంటాయి, నేనే గీసినా. ఫోను ఇంట్లో పెట్టి పోయినాడు. తెల్లవారి అయిదున్నరకు ఒంటిగా దిగినాడు. మామూలుగా అయితే పదికల్లా రావాల. ఇప్పుడు మీ గోడ మీద ఎంతైంది? మూడున్నర.

నా పేరు హజరత్తయ్య. మైపాడు బస్టాండు కాడ సెల్లు రిపేరు షాపు నాదే. చంద్రమౌళి సార్ అంటే మీరే గదా? పోయినేడు మీ ఫోనుకు అద్దం మార్చింది నేనే.

మా పాళెం పడవలు ఆయన్ని వెతకను ఎందుకు పోలేదంటారా? పోగూడదు సార్. పందెం. ‘నా ఎనక ఎవరూ రాగూడదు’ అన్నాడు మామ, పాళెంలో తీర్పు చెప్పే మా పెద్దకాపు సరే అన్నాడు. ఎవరైనా ఎదురు పోతే మామ ఓడినట్టు. అందుకని అందరూ ఒడ్డున కూర్చోనుండారు. మా అత్త మాలకొండమ్మ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అయినా ‘పోండి’ అని ఒక్కరినీ అడగలేదు.

ఏం పందెం అంటే మీరు నవ్వగూడదు. ఒక ఆట వల్ల వచ్చింది. టీవీలో ఆడే ఆట.

చూసినారా, నవ్వుతుండారు.

సార్, ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట నిషేధం గదా. పడవలన్నీ ఇసకలో బోర్లా ఉంటాయి. మొగోళ్ళకు పనుండదు. పేకాటకు పోతే మీరు పట్టుకుంటారు. నా షాపులో పెద్ద టీవీ ఉంది, అందరూ ఆడికే చేరతారు. పాతకాలం ఫైటింగ్ ఆట ఒకటి ఉంది, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునేది. దాన్ని విప్పి లోపలి బొమ్మలు, వాటి విద్యలు మార్చి ఆడుకునే పిచ్చోళ్ళు దేశదేశాల ఉండారు. నేనూ ఒక పిచ్చోడిని. కండల వీరులను పీకేసి, మా పాళెం వాళ్ళను పెట్టినా.

మా అత్తను పెట్టినా. నడుం మీద చెయ్యేసి తిట్టు మొదలుపెట్టిందంటే ఎదుటోడు రెండు సెకన్లు కదల్లేడు. ఐసు బండి జీవానందాన్ని పెట్టినా. ఐసుగడ్డలు విసురుతాడు, మూడు విసిరితే ఆయాసం వచ్చి కూలబడతాడు. పెద్దవల లాగేవాళ్ళలో ఒకడు, మస్తానును పెట్టినా. కాళ్ళు చానా వేగం, అయితే ఒక దెబ్బ తగిలించినాక ఆగి మీసం తిప్పుకుంటాడు, అప్పుడు కొట్టాల వాడిని. నిజంగా కూడా వాడట్టనే సార్. జనం పడీపడీ నవ్వినారు. ముసిలోళ్ళు కూడా వచ్చి ‘నన్నెప్పుడు పెడతావురా’ అని అడిగినారు. నా బతుకులో నన్ను అంతమంది మెచ్చుకున్నది అదే మొదలు.

ఆటలో ఒక ధర్మం ఉంది. ఒకడికి బలం ఇస్తే లోపం కూడా ఇయ్యాల. లేకుంటే అందరూ వాడినే ఎంచుకుంటారు, ఆట చచ్చిపోతుంది.

మా మామ బలం ఏంది? చూపు. మీరు పైనుంచి వచ్చినోళ్ళు, మీకు తెలియదు. పెద్దవల వేసే దినాన ఆయన ఒడ్డున దిబ్బ మీద నిలబడతాడు. నీళ్ళ రంగు చూసి చేపల గుంపు యాడుందో, ఎటు పోతుందో పట్టేస్తాడు. తువ్వాలు ఊపితే ఆ ఊపును బట్టి పడవ తిరుగుతుంది, వల పడుతుంది. అరవై మంది వల లాగుతారు, అరవై ఇండ్లలో పొయ్యి ఆయన తువ్వాలు మీద ఉంటుంది. దిబ్బ మీద నిలబడే మనిషికి మా పాళెంలో పెద్దకాపు తర్వాత మర్యాద. పెండ్లిలో తాంబూలం కూడా అట్టనే ఇస్తారు.

అందుకని ఆటలో మామకు నేనిచ్చిన విద్య ఏందంటే, ఎదుటోడు చెయ్యి ఎత్తకముందే ఆ దెబ్బ ఎటు రాబోతుందో ఆయనకు కనిపిస్తుంది. ఇంకెవరు గెలుస్తారు ఆయన్ని? పది దినాలు ఎవరూ గెలవలేదు. చేసినోడిని నేనే గెలవలేకపోయినా. మామ బొమ్మ పట్టుకొని మస్తాన్ నన్ను వరసగా పదకొండు ఆటలు ఓడించినాడు, అంతమంది ముందర. ‘నీ ఆట నీకే రాదు గదరా’ అన్నాడు.

ఆ రాత్రి షాపులోనే కూర్చొని మామకు లోపం పెట్టినా.

ఎడమవైపు నుంచి కొడితే కనపడదు.

ఎందుకదే పెట్టినావంటే ఏం చెప్పాల సార్. లోపమంటే నాకు తెలిసింది అదొక్కటే. మామకు ఎడమ కన్ను పోయి రెండేండ్లు. నీటికాసులు అంటారు, చూపు కొంచెం కొంచెం అంచులనుంచి తినేస్తుంది. నెల్లూరు ఆసుపత్రికి బండి మీద తీసకపోయింది నేను. ‘పోయింది రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోండి’ అన్నాడు డాక్టరు. తిరిగొస్తా మామ మా గంగమ్మ గుడి కాడ బండి ఆపించి, నా చెయ్యి పట్టకపోయి గడప మీద పెట్టించినాడు. పాళెంలో ఒక్క ప్రాణికి చెప్పగూడదని ప్రమాణం. అత్తకు కూడా. చుక్కల మందు నా షాపులో పెట్టుకొని, సెల్లు చూపించుకోను వచ్చినట్టు వచ్చి వేసుకొని పోతాడు.

నేను నోటితో చెప్పలేదు గదా అనుకున్నా. బొమ్మకు పెట్టినా, మనిషికి కాదు గదా అనుకున్నా. మరుదినం మస్తానును ఓడించినా. ఎడమనుంచి నాలుగు దెబ్బలు, అంతే. ఆ సంతోషం ఎంతసేపు? ఒక టీ తాగేంతసేపు.

మా వాళ్ళు చదువుకోలేదు కానీ తెలివితక్కువోళ్ళు కాదు. అత్త తిట్టూ నిజమే, జీవానందం ఆయాసమూ నిజమే, మస్తాన్ మీసమూ నిజమే. మరి పోలయ్య ఎడమపక్క? నన్నెవరూ అడగలేదు. అడిగుంటే అబద్ధం చెప్పేవాడిని.

నిషేధం అయిపోయింది, పడవలు దించినారు. మొన్న పెద్దవల దినం. మామ దిబ్బ మీద నిలబడుండాడు. మస్తాన్ మెల్లిగా ఎక్కినాడు, ఎడమపక్క నుంచి. చెప్పులు కింద వదిలేసి ఎక్కినాడు. అరచెయ్యి తెరిచి మామ మొగం కాడ, ఇదిగో ఇంత దూరంలో పెట్టి, అట్టనే పట్టుకున్నాడు. మామ సముద్రాన్నే చూస్తుండాడు. రెప్ప కూడా కదల్లేదు. కింద అరవై మంది చూస్తుండారు. ఒక్కరు నవ్వలేదు సార్. నవ్వి ఉంటే బాగుండేది.

మామకు గాలిలో తెలిసిందేమో, చెయ్యి పెట్టి తడుముకున్నాడు. మస్తాన్ చెయ్యి దొరికింది. దాన్ని పట్టుకొని కాసేపు వదల్లేదు.

మస్తానును నేను తప్పు పట్టను. వాడికీ ఇద్దరు బిడ్డలుండారు, వల ఒట్టిగా వస్తే వాళ్ళకూ పస్తే. సాయంత్రం పెద్దకాపు అందరినీ కూర్చోబెట్టినాడు. ఇంకమీదట దిబ్బ మీద మస్తాన్ అన్నారు. అప్పుడు లేచినాడు మామ. ‘ఒంటి కన్నుతో దిబ్బ మీద నిలబడేదేంది, సముద్రం మీదికే పోతా. ఒక్కడినే పోయి, వల వేసి, చేపతో సరిగ్గా గుడి ఎదురుగా దిగుతా. దిగకుంటే అప్పుడు మస్తానును పెట్టుకోండి’ అన్నాడు. ఆ మాటంటా కూడా నా వైపు చూడలేదు. ఒకవేళ చూసినాడేమో, నేనే తల వంచుకోనుండా.

ఏంది సార్? ‘ఒక కన్ను ఉంది గదా, ఇంక భయమెందుకు’ అంటారా?

కొంచెం నీళ్ళు ఇప్పించండి.

మీరు మా పాళెం మనిషి కాదు గదా సార్. ప్రమాణం పాళెంలో చెప్పననే గదా. గంగమ్మకు ఆ మాత్రం తేడా తెలుస్తుందిలే. తెలియకపోతే శిక్ష నాకే పడనీ.

తెల్లవారి పడవ నెట్టను నలుగురం పోయినాం. నేను ఎడమపక్క పట్టుకున్నా. మామ పడవ అంచు తడుముకుంటా వచ్చి నా కాడ ఆగినాడు. భుజం మీద చెయ్యేసి, చెవిలో చెప్పినాడు. ‘సగమే పెట్టినావురా అబ్బయ్యా ఆటలో. కుడిది కూడా ఉగాది నుంచి పోతా ఉంది. ఇప్పుడు వెలుగు ఒకటి, నీడ ఒకటి, అంతే నాకు.’

ఆయనే మళ్ళీ చెప్పినాడు. ‘భయపడబాకు. పొద్దున సూర్యుడు సముద్రం పక్క ఉంటాడు, వెలుగు చూసుకుంటా లోపలికి పోతా. మధ్యాన్నం దాకా వల వేసుకొని కూర్చుంటా. పొద్దు వాలితే సూర్యుడు దరిపక్కకు వస్తాడు. మళ్ళీ వెలుగు చూసుకుంటా వస్తా. ఇంతేగదరా. నెట్టు.’

పద్దెనిమిది బొమ్మలు చేసినా సార్, అంత తెలివైన ఎత్తు నేను ఏ బొమ్మకూ పెట్టలేదు. ఆ క్షణం నమ్మినా. నమ్మి నెట్టినా.

పదికి వస్తాడని అందరూ చూస్తుండారు. పదికి రాడని, మధ్యాన్నం దాటితే గానీ బయల్దేరడని నాకొక్కడికే తెలుసు. అందుకని ధైర్యంగానే ఉన్నా, ఒంటిగంట దాకా ఉన్నా. ఒంటిగంటకు మబ్బు పట్టింది.

ఆ కిటికీలోంచి చూడండి. యాడుంది పొద్దు? పడమర ఏది, తూర్పు ఏది? కండ్లున్న నాకే తెలియడం లేదు. అంతా ఒకటే బూడిద రంగు. ఆయన దాని నడిమిలో ఇంజను ఆపుకొని కూర్చోనున్నాడో, ఏదో ఒక పక్కకు పోతానే ఉన్నాడో. డీజిలు సాయంత్రం దాకా వస్తుంది.

ఫోను తీస్తుండారా? తియ్యండి సార్. బోటు పంపించమని చెప్పండి. ఏ దిక్కని అడుగుతారు, పొద్దున వెలుగొచ్చే దిక్కని చెప్పండి. అదీ నేరుగా తూర్పుకు కాదు, కొంచెం దక్షిణం వంకకు తిరిగింది పడవ. నేను చూసినా. అలలు దాటినాక ముక్కు అటు తిరిగింది. తప్పు పోతుండాడని అప్పుడే తెలిసింది నాకు, పొద్దు వాలితే వెలుగు పట్టుకొని వస్తాడులే అని సర్దుకున్నా. పక్కనున్నోళ్ళు ‘ఏదో ఎత్తు మీద ఉండాడులే పోలయ్య’ అనుకున్నారు.

పిలిస్తే వినపడే దూరమే. మీ గేటు నుంచి రోడ్డు దాకా ఉన్నంత. పిలవబోయి నోరు కూడా తెరిచినా.

సముద్రం మీదికి పోయేవాడిని ఎనకనుంచి పిలవగూడదు సార్. పిలిస్తే వాడు తిరిగి రాడంటారు. మా నాయిన పోయిన దినాన మా అమ్మ పిలిచిందంట, అన్నం క్యారేజీ మరిచిపోయినాడని. జనం ఇప్పటికీ ఆమెను అంటారు. అది గుర్తొచ్చింది. నోరు మూసుకున్నా. సెల్లులు విప్పి బిగించేవాడిని, దేశదేశాల ఆటలు మార్చేవాడిని, ఆ మాటకు భయపడి నోరు మూసుకున్నా.

మీరు బోటు సంగతి చూడండి, నేను పాళేనికి పోతా. ఉన్న లైట్లన్నీ, టైర్లన్నీ తెచ్చి ఒడ్డున మంటలు పెట్టించాల. ఆయనకు వెలుగే గదా కావాల్సింది. ఎందుకురా మంటలు అంటారు. అప్పుడు అందరి ముందర చెప్పాల, అత్త ముందర చెప్పాల, రెండో కన్ను సంగతి కూడా. ఆయన దాచుకున్నదంతా నా చేత్తోనే బయటపడాల. బతికొస్తే మామ నా మొగం చూడడు. చూడలేడు కూడా లేండి.

మంట వేసి, గొంతు చించుకొని పిలుస్తా సార్. పొద్దున ఎనకనుంచి పిలవగూడదని ఆగినా. ఇప్పుడు ఆయన మొగం దరిపక్కకే తిరిగి ఉంటుంది గదా.

ఉంటుందంటారా?