కేంద్రం పెట్టిన రవికె గుడ్డ

మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చే ఆడవాళ్ళకు తిరుపతి ఆశ్రయ కేంద్రం ఏపాటి మేలు చేస్తోందో తేల్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అధికారిణి, పాకాలలో అలా వెళ్ళొచ్చిన ఒక ఇల్లాలి గడప తొక్కింది.

“కేంద్రంవాళ్ళు నీకేం చేశారమ్మా?”

“మొగుణ్ణి పిలిపించి బుద్ధి చెప్పినారు మేడమ్. నాకు పసుపు కుంకుమ, రవికె గుడ్డ పెట్టి, ఆయప్ప ఎంబడే సాగనంపినారు.”

“తర్వాత వచ్చి చూశారా?”

“సూసినారు. ఒంటిమీద దెబ్బే కనపళ్ళేదని సంతోషంగా పోయినారు.”

అధికారిణి మనసు కుదుటపడింది. “అయితే మేలే జరిగిందన్నమాట.”

“జరక్కేం మేడమ్!”

ఆ ఇల్లాలు తన మణికట్టు దగ్గర రవికె చేతిని పట్టుకుని పైకి లాగింది. మోచేతిదాకా వాతలు.

“గుడ్డ పెద్దదే పెట్టినారు. చేతులు ఈడిదాకా వచ్చినాయి.”