'మన కొత్తిల్లు' గ్రూపులో పడిన సువర్ణ

హలో… ఆ, నేనేలే. నా ఫోన్లో ఇంగెవురుంటారు?… ఏమయ్యా, ఎందుకట్ల ఆయాసపడ్తాండావు? కూచోని మాట్లాడు…

ఏం మెసేజీ?… నేనా? నేనేం పెట్టలేదే. పొద్దన్నుంచి మా అరబ్బు మేడం, ఈ మామా వాళ్ళ సామాన్లు పెట్టెల్లో సర్దుతాండా. చెప్పినా గదా, సల్వాలో యిల్లు ఖాళీ జేసి ఎగైలాకు పోతాండారని. గ్లాసులకు పేపరు చుట్టీ చుట్టీ చేతులు—

ఏంది?… "ఆ కొత్తింటికి నేను రాను, నన్ను మర్చిపోండి" అంటినా?… నా గొంతేనా?…

అయ్యో సామీ! అది మీ యింటోళ్ళ 'మన కొత్తిల్లు' గ్రూపులో పడిందా!

ఆగు, నవ్వనీ… నవ్వకుండా ఏం జెయ్యల్ల?… అది నా నవలయ్యా, నవల! ఈడ జహ్రాలో పని జేసే మన పక్కవీధి శివపార్వతి ఉంది చూడు, నేను పని జేస్తా నోటితో చెప్పి పంపిస్తే ఆ పాపే టైపు జేస్తాది. ఆ పాపకు పోవాల్సింది మీకొచ్చింది. వేళ్ళకు టేపు అంటుకోనుంటే, యాడ నొక్కినానో యేమో…

నేను గాదు, సువర్ణ. నా కథలో ఆడమనిషి. ఆమె చెప్పుకున్నట్టు రాస్తాండా, అందుకే "నేను, నేను" అని ఉంటాది… పెండ్లాం చెప్పేది కథో నిజమో తెలీకుంటే ఎట్లయ్యా?

ఎవురెవురిన్నారు?… అందురూనా! మీ చిన్నత్తమ్మ గూడానా?… ఏడ్చిందా? నేను ఫోన్ జేస్తే ఎత్తను గూడా ఎత్తదు, ఆమేడ్చిందా!… మాయమ్మకు ఫోన్ జేసి పలకరించినారా, ఎవురన్నా పోయినట్టు?…

మంచిది. నా రాత ఇంతమంది యిన్నది ఇదే మొదులు. ముందు అచ్చేసిన నా పుస్తకం తెరిసినోళ్ళు మీ యింట్లో ఒగరూ లేకపాయె.

నువ్వు చదివినావా? సరే చెప్పు, కడాకు ఏమవుతాది దాంట్లో?… ఊఁ… అట్ట మింద బొమ్మ బాగుందా. అట్ట చూసినావు, అంతేగదా. ఆ పుస్తకానికి రాయచోట్లో సన్మానం జేసిన పొద్దు నేనిక్కడ బాత్రూములు కడుగుతాంటి. శాలువా నీకు గదా కప్పినారు. దాన్నిప్పుడు ఏ బండికి కప్పినావో…

బండికేనా! ఊరికే అంటినయ్యా, నిజమేనా!

సరే సరే, అరవద్దు. పెడ్తాలే. "అది కథ, నిజం గాదు, అందురూ నిమ్మళంగా ఉండండి" అని ఇప్పుడే పెడ్తా… అత్త అన్నం ముట్టలేదా? పాపం, ముసల్ది. తినమని చెప్పు, నేనెక్కడికీ పోలేదని చెప్పు.

యల్లా మామా! ఖలాస్, ఖలాస్!… ఆమే, చెప్పుల పెట్టె యాడుందని అరుస్తాంటే, అయిపాయె, వస్తాండానంటి. ఈళ్ళ కొత్తింట్లో చెప్పులకే ఒగ రూమయ్యా! అత్తరుబుడ్లకు ఇంగొగటి. నాకు మాత్రం బట్టలుతికే మిషను పక్కన సందు. ఇంగ నేను కథ చెప్తాంటే ఆ మిషనే ఊఁ కొడ్తాది.

అది గాదు, నిన్నొగటి అడగల్లనుకుంటి. మన కొత్తింట్లో మెట్లకాడ చిన్నరూము… అదే, కిటికీ ఉండేది. నేను కూచోని రాసుకునేదానికని కట్టించుకుంటిమి గదా. వచ్చే నెలకంతా ఈడుండేదానికిచ్చిన ఇఖామా కాగితం క్యాన్సిల్ చేపించుకోని వచ్చేస్తాండా. దాంట్లో బల్ల యేసినావా?…

ఏంది, యినపడ్లేదా?…

లైను బాగానే ఉంది. చెప్పు…

గంగాధరకా?… మీ తమ్ముడికి కింద రూముంది గదా… ఏం ఇనపగుండ్లు?… జిమ్మా!

మెల్లగా చెప్పు. నేను నవలలు రాసేదాన్ని, నాకే ఇది తట్టలేదు. అద్దాలు గూడా బిగించినాడా? నాలుగ్గోడలకూనా?… ఓహో. కండలు చూసుకునేదానికి కిటికీ ఉండే రూము కావాల. మరి నేను యాడ రాసుకోవల్ల?…

వంటింటి గట్టు మిందనా. పొయ్యి పక్కన… "ఎట్లన్నా నువ్వుండేది ఆడనే గదా" అంటావా.

లేదు, ఏడవలేదు. కడుపు మండుతాంది, అంతే. ఇక్కడ మిషను పక్కన, అక్కడ పొయ్యి పక్కన. ఈ మాత్రానికి విమానం ఎక్కి రావల్లనా నేను?… ఇన్నేండ్లు ఒకరింట్లో సందుల్లో పడుకున్యా. నా యింట్లో గూడా సందేనా?

వెనకాల ఎవురు మాట్లాడేది? అత్తనా? ఏమంటాంది?… కథేనని తెలిసినాక అన్నం తింటాందా. మంచిది… ఏంది? సువర్ణ తర్వాత తిరిగొచ్చిందా లేదా అడగమంటాందా!

చెప్పు మీయమ్మకు. నిన్నటిదాంకా సువర్ణ వచ్చేస్తాండె. ఏడ్చుకుంటా వచ్చి, గడపకు దండం పెట్టుకోని లోపలికి పోతాదని, కడాకు అట్లే రాద్దామనుకుంటి. ఇప్పుడు రాదు.

గ్రూపులోనా?… పెట్టను… పెట్టనంటే పెట్టనయ్యా. మీ చిన్నత్తమ్మను ఏడవనీ… నీ పరువా? బండి మింద శాలువా ఉంది గదా, తీసి కప్పుకో.

ఇను. ఆ అద్దాలు పెరికించు. ఇనపగుండ్లు కిందికి దింపించు. కిటికీ కాడ నా బల్ల యేసి, ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టు. అప్పుడు పెడ్తా, అది కథని… ఇఖామానా? మామా ఇంగొగ రెండేండ్లు ఉండమనే చెప్తాంది.

ఆ, అంతవరకు "ఆ కొత్తింటికి నేను రాను" అనే మాట సువర్ణది గాదు. నాదే.

యల్లా మామా, యల్లా!… పెట్టేస్తాండా.