తోవె ముఖం

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, కేన్సర్‌తో ముక్కు పోయినవాళ్లకు కొత్త ముక్కులు చేసే చిన్న వర్క్‌షాపు. పొద్దున్నే ఆమె తన ఫోను అక్కడే తనతో పనిచేసే అతని ముందు పెట్టింది.

“ఇది మన పేషెంటు తోవె ముఖం కదూ?”

“ఆవిడదే! ఇదేంటి, దయ్యం మాస్కని అమ్ముతున్నారు?”

“ఆవిడ ముఖం స్కాన్ ఫైలు ఎక్కడ మార్చావు?”

“మన త్రీడీ ప్రింటరు ఆ ఫార్మాట్ తీసుకోలేదు. ఉచితంగా మార్చిపెట్టే సైటులో వేశాను. అందరూ చేసేదేగా.”

“అమ్ముతున్నది ఆ సైటువాళ్లే. ఛీ! ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో ఆవిడ ముఖం పెట్టావా?”

“తీసేయమని రాస్తాను. ఆవిడకి తెలియకపోతే...”

“ఆ మాట నీ నోట ఎలా వచ్చింది?”

తలుపు గంట మోగింది. తోవె లోపలికొచ్చి, ముఖానికి చుట్టుకున్న మఫ్లరు విప్పుతోంది. అతను లేచాడు.

“తోవె గారూ, ముక్కు తర్వాత పెట్టుకుందాం. ముందు నేను చేసిన పాడుపని వినండి.”